మూతదాకా గింజలు

"అమ్మా, నా తెల్ల గౌను మీద సిరా పడింది" అంది పదేళ్ళ కూతురు, బయట ఎండ కాస్తోంది అన్నంత తేలిగ్గా.

తల్లి చేతిలో ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగానే ఉంది. సాయంత్రం ఆరింటికి చర్చిలో ఈస్టర్ జాగరణ పూజ. కొవ్వొత్తి పట్టుకుని అందరికంటే ముందు నడవాల్సిన పిల్ల. ఇప్పుడు టైము నాలుగున్నర. గౌనుకి సరిగ్గా గుండెల మీద, అరచేయంత నీలం మరక.

అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచింది.

"అమ్మా, సీసా!"

ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో చిన్నాడు, గాజు సీసాని రెండు చేతులా పొట్టకి హత్తుకుని ఎదురుగా నిలబడ్డాడు.

తెరిచిన నోరు మూసుకుంది. పక్కనే పెట్టుకున్న గింజల డబ్బాలోంచి ఒక చిక్కుడు గింజ తీసి సీసాలో పడేసింది. టప్.

ఈ సీసా ఎవరో అంటగట్టింది కాదు, కోరి తెచ్చిపెట్టుకున్నదే. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదట్లో ఫాదర్ గారు, "మాంసం మానడం ఏం గొప్పమ్మా? అరుపులు మానండి చూద్దాం" అన్నారు. అన్నది అందర్నీ అయినా, చూసింది తననే అనిపించింది. ఆ పూటే ఇంట్లో అందరి ముందూ మాట ఇచ్చేసింది. ఈస్టర్ దాకా అరవదు. కోపం మింగినప్పుడల్లా ఒక గింజ. పండగ పొద్దున సీసాలో ఎన్ని గింజలుంటే పిల్లలకి అన్ని చాక్లెట్లు. ఒక్కసారి అరిచిందా, సీసా బోర్లించడమే.

ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చింది. ఈ సాయంత్రం పూజలో ఈస్టర్ గంట మోగితే గట్టెక్కినట్టే.

"ఎలా పడిందమ్మా?" అంది పళ్ళ సందునుంచి, తేనె కలిపిన గొంతుతో.

"పెన్ను దానంతటదే కక్కింది."

"పెన్నుకి వాంతులా! సరే, నీలం గౌను తీసుకో, ఇస్త్రీ చేస్తా."

గౌను కోసం పడగ్గదిలోకి వెళ్తే, పొద్దున మార్చిన దుప్పటి నడిమధ్య తడి తువ్వాలు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆ మనిషికి లేని అలవాటు. ఈ నెల రోజుల్లో ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడో!

"ఏవండీ!"

"అరుస్తున్నావా?" అన్నాడు భర్త పేపరు వెనకనుంచి.

"లేదండీ. పిలుస్తున్నా."

"ఆఁ, అదే. అరిచావేమో అనుకున్నా."

చిన్నాడు సీసాతో గుమ్మంలో సిద్ధం. టప్.

వంటింట్లో, పూజ అయ్యాక అందరికీ పంచాల్సిన కేకు బల్లమీద చల్లారుతోంది. ఎనిమిది గుడ్లు, పొద్దుటినుంచి పడ్డ చాకిరీ. దాని పక్కన కుర్చీ వేసుకుని అత్తగారు జపమాల తిప్పుకుంటోంది.

"ఓపిక పట్టమ్మాయ్. చివరి మెట్టు మీదే కాలు జారేది" అంది.

కోడలికి కళ్ళు చెమ్మగిల్లాయి. మామూలు రోజుల్లో అయితే ఆ మాట వెనక ఇంకో పది మాటలు వచ్చేవి. ఈ తపస్సు కాలంలో ఈవిడ పల్లెత్తు మాట అంటే ఒట్టు.

"వీళ్ళు ఇల్లు పీకి పందిరేస్తున్నారత్తయ్యా. ఈ ఇంట్లో నా బాధ తెలిసింది మీరొక్కరే."

అత్తగారి వేళ్ళు పూస మీద ఒక్క క్షణం ఆగాయి. "అలా అనకమ్మా" అంది తల వంచుకుని. "నువ్వెళ్ళి తయారవు. కేకు దగ్గర నేనుంటాగా."

తయారయింది. జుట్టు ముడేసుకుంటూ నడవాలోకి అడుగు పెట్టేసరికి, కాలు సర్రున జారింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. నడవా ఈ చివర్నించి ఆ చివరిదాకా తెల్లగా సబ్బుపొడి. మధ్యలో ఖాళీ డబ్బాతో చిన్నాడు.

"మంచు" అన్నాడు.

"ఒరే…"

ఇల్లంతా బిగుసుకుపోయింది. భర్త పేపరు దించాడు. కూతురు కళ్ళు గట్టిగా మూసుకుని సిలువ గుర్తు వేసుకుంది. వంటింట్లో పూసల చప్పుడు ఆగిపోయింది.

"…రే నాన్నా" అంది తల్లి. పైకెక్కిన కోపం ఆ మాట మధ్యలోనే మళ్ళీ కిందికి దిగింది. "వెళ్ళి కాళ్ళు కడుక్కో, బంగారం."

ఇల్లంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

"ఇది ఒక గింజతో తీరే కోపం కాదురా, రెండు" అని తనే సీసా లాక్కుని వేసింది. టప్. టప్. చీపురు తెచ్చి నడవా ఊడ్చింది. తడిగుడ్డ పెట్టింది. చేతులు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

అద్దంలో మొహం చూసుకుంది. చెంప మీద సబ్బుపొడి, కళ్ళ కింద నల్లటి చారలు. అయినా ఏదో వెలుగు వచ్చినట్టే ఉంది, ప్రార్థన పుస్తకంలో దాచుకునే పునీతుల బొమ్మల్లో ఉన్నట్టు. అరవలేదు. ఇన్నాళ్ళలో ఒక్కసారీ అరవలేదు. ఇంకో అరగంట. ఇల్లంతా పగబట్టినా, ఆ పెద్దావిడ పక్కన నిలబడబట్టి నెగ్గింది. పూజ అయ్యాక అందరి ముందూ ఆ మాట ఫాదర్ గారికి చెప్పాలి.

కుళాయి కట్టేసింది. తలుపవతల కూతురి గుసగుస స్పష్టంగా వినిపించింది.

"ఇంకో మూడు గింజలు పడితే మూతదాకా నిండిపోతుంది. నాదీ, నాన్నదీ, తమ్ముడిదీ అయిపోయాయి. నానమ్మా, ఇప్పుడు నీ వంతు… కేకు కింద పడెయ్యి!"