తాళాలు దొరికేదాకా

ఇంటి తాళాలగుత్తి పోయిన రోజే బదరీనారాయణ తీర్మానం చేశాడు.

"వంటకు, తోటకు, కారుకు మనుషులుండారు. వాళ్లపైన అజమాయిషీకే ఎవరూ లేరు. బాగా తెలిసినోళ్లను ఒకరిని పెడతా."

ప్రొద్దుటూరులో ఆయనది బంగారు అంగడి. అక్కడున్న రెండో గుత్తి తెప్పించి గదులు తెరిపించాడు. మోకాళ్ల నొప్పులతో మేడ మెట్లు ఎక్కలేని సుగుణమ్మ భర్త మాటకు అడ్డు చెప్పలేదు. ఇంటి పెత్తనం లీలమ్మకు అప్పజెబుదామని ఆమె ఉగాదికే అడిగింది. "గరిటె పట్టే చేతికి తాళాలా?" అని ఆయన నవ్వేశాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో వండుతున్న లీలమ్మ వంటగది గడపలోనే నిలబడింది.

"నాపైన ఇంకొకరొస్తే నేనుండనమ్మా. జమ్మలమడుగు హాస్టల్లో వంటకు పిలుస్తాండారు."

"తొందరేముంది లీలమ్మా, చూద్దాం. తాళాలు దొరికేదాకా ఇంట్లో పప్పు వండించనని గండి ఆంజనేయస్వామికి మొక్కినా. నువ్వు పప్పు జోలికి పోవద్దు."

నాలుగో రోజూ రసమే చూసి బదరీనారాయణ విసుక్కున్నాడు.

"మొక్కేదేదో వంకాయ మానేస్తానని మొక్కకూడదా?"

"మీకు ఇష్టమైంది వదిలితేనే గదా స్వామి వినేది."

ఆ మధ్యాహ్నం అజమాయిషీ పనికి ఇద్దరు వచ్చారు. మొదట పులివెందుల భార్గవి. బెంగళూరు హోటళ్లలో పనిచేసింది.

"మా ఇంటి తాళాలు పోయినాయి. నువ్వైతే ఏం చేస్తావు?" సుగుణమ్మ అడిగింది.

"కెమెరాలు పెట్టిస్తానమ్మా. ముందు ఫ్రిజ్ దగ్గర. దొంగచేతులు మొదట ఆడికే పోతాయి."

షుగరు మనిషి బదరీనారాయణ దగ్గాడు. "మళ్లీ చెప్తాంలేమ్మా."

రెండో ఆమె ప్రసన్నకుమారి, హాస్టల్ వార్డెనుగా రిటైరైంది. అదే ప్రశ్నకు ఆమె కుర్చీలోంచి లేచింది.

"అందరి జేబులూ చూస్తా. పెద్దోళ్ల నుంచే మొదలుపెట్టాల. అయ్యా, మీ జేబులో ఏంది ఆ పొట్లం? నెయ్యి కారతాంది."

బదరీనారాయణ జేబును చేత్తో కప్పుకున్నాడు. సుగుణమ్మ కళ్లద్దాలు సర్దుకుంది.

కాఫీ తెచ్చిన లీలమ్మ గ్లాసులు నెమ్మదిగా కింద పెట్టింది.

"పాలకోవా అమ్మా. నాదే. అంగడి నుంచి వచ్చేటప్పుడు తెమ్మని అయ్యను అడిగినా. ఇటియ్యండయ్యా."

ఆయన పొట్లం తీసి ఇచ్చేశాడు.

ప్రసన్నకుమారి వీధి మలుపు తిరగకముందే ఆయన గొంతు సవరించుకున్నాడు.

"బయటోళ్లెందుకులే. ఇంటి గుట్టు తెలిసిన మనిషి ఇంట్లోనే ఉండాది. ఆ గుత్తి లీలమ్మకియ్యి."

"గరిటె పట్టే చేతికా?"

"గరిటెకు ఇంకొకరిని చూద్దాం."

"మీ ఇష్టమండీ," అంది సుగుణమ్మ.

లీలమ్మ గుత్తి నడుమున దోపుకుని, రానని జమ్మలమడుగుకు ఫోన్ చేసింది.

"రేపన్నా పప్పు ఉంటుందా?" బదరీనారాయణ అడిగాడు.

"స్వామి దయ," అంది సుగుణమ్మ.

కందిపప్పు డబ్బాలో దాచిన మొదటి గుత్తిని ఆమె ఇంకా బయటికి తీయాల్సి ఉంది.