జాబితాలో ఒక్క చోటు

"అమ్మా, నన్నొక్క అయిదు నిమిషాలు ముందు పోనిస్తారా?"

గ్రామ కార్యాలయం బెంచీ మీంచి రుమియాతి తలెత్తి చూసింది. తెల్ల చొక్కా, గళ్ల లుంగీ, నల్ల టోపీ. యాభై అయిదేళ్లుంటాయి. చేతిలో మోటారు సైకిలు తాళంచెవి.

"మీ నంబరెంత?"

"ముప్పై ఒకటి."

"నాది తొమ్మిది. పొద్దున అయిదింటికే వచ్చి కూర్చున్నా."

"జుమ్మా నమాజు లోపల నేను ఇంటికి చేరాలి తల్లీ."

వెనక బెంచీ మీది ముసలామె అందుకుంది.

"మేమేమన్నా నమాజు మానేసినవాళ్లమా? దేవుడు శుక్రవారం నీ ఒక్కడికే పెట్టాడా?"

నలుగురూ నవ్వారు.

"అది కాదమ్మా... నా భార్య..."

"మీకు పెళ్లాముంటే నాకు మొగుడున్నాడు!" రుమియాతి గొంతు లేచింది. "నిన్న చెయ్యాల్సిన డయాలిసిస్ చెయ్యలేదు. కాళ్లు ఉబ్బిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. ఇవాళ కూడా జరక్కపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు పోతుందన్నాడు డాక్టరు. నేను జరగను."

ఆయన వెళ్లి వరస చివర నిలబడ్డాడు.

రుమియాతి భర్త సార్నోకి వారానికి రెండుసార్లు డయాలిసిస్. సోయాగింజలతో చేసే టెంపే వేయించి అమ్ముకునే ఇంట్లో అది జరుగుతోందంటే ప్రభుత్వం ఇచ్చిన ఉచిత వైద్యం కార్డు వల్లే. కిందటి వారం రాజధానిలో ఎవరో పేదల జాబితా తిరగరాశారు. ఒక ఉత్తరం లేదు, ఒక కబురు లేదు. ఆసుపత్రి కిటికీలో నర్సు కార్డు వెనక్కిచ్చేదాకా వీళ్లకు తెలియనే తెలియదు.

ఆ గ్రామ కార్యాలయంలో అందరిదీ అదే కథ.

"మా గోడ మీద 'పేద కుటుంబం' అని ఇంతింత అక్షరాలు రాసిపోయింది వాళ్లే," అంది ముసలామె. "ఇప్పుడు మేం పేదోళ్లం కాదంట. రంగు మాత్రం అట్టాగే ఉంది."

"కొత్త ఫ్యాను కొన్నావేమో పెద్దమ్మా! నిన్ను పై మెట్టుకి ఎక్కించారు," అన్నాడొకడు.

"ఎక్కించారు నాయనా, దిగడానికి మెట్లే తీసేశారు."

"సైన్యం ఊరేగింపులో విమానాలు ఎగరెయ్యడానికి డబ్బుంది," అన్నాడింకొకడు. "మంత్రుల కొత్త కార్లకి డబ్బుంది. మా మందుల దగ్గరికొచ్చేసరికి ఖజానా ఖాళీ."

"అంతా పైవాళ్లదే తప్పా? మోటారు సైకిళ్లేసుకుని పేదల వరసలో నిలబడేవాళ్లది కాదూ?" ముసలామె గడ్డంతో వరస చివరికి చూపించింది. "దూరేది వాళ్లు, పోయేది మనం."

"ఉన్నవాళ్లకే తొందరెక్కువ," అంది రుమియాతి, ఆయనకు వినపడేలా.

ఆయన గోడ గడియారం వైపే చూస్తున్నాడు.

తొమ్మిదో నంబరు పిలిచారు. గుమాస్తా పిల్ల కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపింది.

"చోటు లేదమ్మా. ఈ ఊరికి ఇన్నే అని పైనుంచి లెక్కొచ్చింది. ఒక పేరు తీస్తేగాని ఇంకో పేరు ఎక్కదు."

"ఇవాళ మధ్యాహ్నం లోపు ఎక్కాలి తల్లీ. మనిషి పోతాడు."

"నా చేతుల్లో ఏముందమ్మా?"

రుమియాతి అక్కడే, ఆ బల్ల ముందే, నేల మీద కూలబడింది.

"చోటు దొరికేదాకా లేవను."

వరస ఆమె పక్కనుంచి జరుగుతూ పోయింది. ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, నాన్న పడుకోలేకపోతున్నాడు. కూర్చుని ఊపిరి తీస్తున్నాడు. ఎంతసేపు?"

"వస్తున్నానే. ఇదిగో, అయిపోయింది," అని అబద్ధం చెప్పింది రుమియాతి.

పదకొండూ పదికి ముప్పై ఒకటో నంబరు వచ్చింది. ఆ తెల్ల చొక్కా మనిషి ఆమె తల మీదుగా ఒక మడత కాగితం అందించాడు. గుమాస్తా పిల్ల చదివి, కుర్చీలోంచి లేచి నిలబడింది. ఏదో నెమ్మదిగా అంది. గబగబా కంప్యూటరులో కొట్టింది. ఆయన సంతకం పెట్టి, ఎవరివైపూ చూడకుండా, దాదాపు పరిగెత్తుతూ వెళ్లిపోయాడు.

"చూశావా, వాళ్ల పని నిమిషంలో అయిపోతుంది," అంది ముసలామె.

"అమ్మా, లేవండి," గుమాస్తా పిల్ల పిలిచింది. "మీ ఆయన పేరు ఎక్కిస్తున్నా."

"ఇందాక లేదన్నావుగా?"

"ఇప్పుడుంది." ఆ పిల్ల తల ఎత్తలేదు.

"మొండికేస్తేగాని కదలరు వీళ్లు!" అని ముసలామెతో చెప్పి రుమియాతి పరుగు తీసింది.

రెండింటికల్లా సార్నో మంచం మీద ఉన్నాడు. యంత్రం తిరుగుతోంది. ఊపిరి కాస్త నెమ్మదించింది. రుమియాతికి అప్పుడు మాట వచ్చింది. తను ఎలా బైఠాయించిందీ అక్కడున్న నర్సుకి చెప్పింది. ముందు పోనిమ్మని అడిగిన నల్ల టోపీ మనిషిని ఎలా తిప్పి పంపిందీ చెప్పింది.

నర్సు చేతులు ఆగిపోయాయి.

"తెల్ల చొక్కానా? గళ్ల లుంగీ?"

"ఆఁ. నీకు తెలుసా?"

"మా సందులోనే ఇల్లు. మర్సూదీ గారు. తెల్లవారుజామున ఆయన భార్య ఈ వార్డులోనే పోయింది. ఏడేళ్లుగా ఇదే యంత్రం."

రుమియాతి యంత్రం వైపు చూసింది.

"జాబితాలోంచి పేరు తీయిస్తే నెలనెలా వచ్చే బియ్యం కూడా ఆగిపోతాయి కదమ్మా. అందుకే ఇంట్లో మనిషి పోయినా ఏడాదిదాకా ఎవరూ చెప్పరు. ఈయన మాత్రం మేం మరణం కాగితం చేతికివ్వగానే, ఇవాళే తీయించేస్తా, ఎవరో ఒకరు ఆ చోటు కోసం కాచుకుని ఉంటారు, అని పక్కింటివాళ్ల బండి తీసుకుని వెళ్లాడు."

"మరి... నమాజు లోపల ఇంటికి చేరాలన్నాడు?"

"జుమ్మాకి ముందే మట్టి చెయ్యాలన్నారు పెద్దలు. ఆయన కోసం పదకొండు దాకా ఆగారట." నర్సు గొంతు తగ్గించింది. "ఇందాక మా అమ్మ ఫోను చేసి చెప్పింది, ఆయన వెళ్లేసరికి సమాధి మీద పూలు చల్లడం కూడా అయిపోయిందట."