ఏడో నంబరు కేసు

2024 నవంబరు 18, సోమవారం, పగలు పదకొండు గంటలు. భిలాయి నెహ్రూ నగర్‌లోని దూరవిద్యా కేంద్రం. హాజరైనవారు: పరీక్షకురాలు వెరోనికా, పర్యవేక్షణకు కేంద్రం గుమాస్తా గోపాలం. అభ్యర్థిని లూసీ ఉన్నది అండమాన్ దీవుల చివర, ఓడ వారానికొకసారి మాత్రమే వెళ్లే ఒక చిన్న దీవిలో. ఆమె హాజరు కంప్యూటరు తెర మీద.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులకు ఇచ్చే శిక్షణ అది. లూసీ దీవిలో అటువంటి పిల్లలు నలుగురున్నారు, టీచరు లేదు. ఈ మౌఖిక పరీక్షలో ఆమె ఇప్పటికి రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఇక అవకాశం లేదు.

రెండుసార్లూ ఆమెను ముంచింది, పరీక్షలో ప్రశ్నలడిగే పిల్లల కేసుల్లో ఏడో నంబరుదే. కేసు పత్రాల్లో పిల్లల పేర్లు రాయకూడదన్నది నియమం. పదిహేడేళ్ల అమ్మాయి. మాటలు రావు. అంచు సొట్టపోయిన ఒక స్టీలు పళ్లెంలో తప్ప తినదు. ఉక్కు ప్లాంటు సైరన్ మోగితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరుతుంది. మిగతా కేసులన్నీ ఒక్కో పేజీ. ఇదొక్కటే ముప్ఫై పేజీలు.

"లేని పిల్ల కోసం ఉన్న పిల్లని ఏడిపించేస్తన్నారు మేడమ్," అన్నాడు గోపాలం, తెర వెలగకముందే. "ఉత్తి కాయితం మీద కేసుకి ఇంత పట్టుదలేటండీ? పాసు చేసేద్దురూ."

వెరోనికా నవ్వలేదు. రెండు నెలలుగా ఆమె మనిషి సగమైంది. చేతి గడియారం మోచేతి దాకా జారుతోంది. ఏమైందని అడిగితే మాట మారుస్తుంది. వైశాలి నగర్‌లోని ఆమె ఇంటి గడప తొక్కినవాడు కేంద్రంలో ఒక్కడూ లేడు.

"మొదలుపెడదాం," అంది.

తెర మీద లూసీ కొంగు సర్దుకుంది.

"ఆ అమ్మాయి పళ్లెం తోసేసింది. ఏం చేస్తావు?"

"కిందటిపాలి బతిమాలి తినిపిస్తానన్నాను మేడమ్. తప్పు. ముందు పళ్లెం ఎవులు మార్చీసారో చూస్తాను."

"సైరన్ మోగింది."

"మాకు సైరన్ నేదు మేడమ్. ఓడొచ్చినప్పుడు కూత పెడతాది. ఆ పూటకి నేనూ మంచం కిందే కూకుంటాను."

గోపాలం నవ్వాపుకున్నాడు. వెరోనికా మార్కులు వేసింది.

తర్వాతి ప్రశ్న ప్రశ్నపత్రంలో లేదు. గోపాలం రెండుసార్లు వెతికాడు.

"వాళ్లమ్మ ఒకరోజు కనిపించలేదు. మర్నాడూ రాలేదు. ఇక రాదు. అప్పుడు?"

లూసీ కదల్లేదు. నెట్ ఆగిపోయిందనుకుని గోపాలం మౌసు కదిలించాడు.

"వస్తాదని అబద్దం చెప్పను," అంది లూసీ చివరికి. "అమ్మ కట్టి విడిచిన చీరొకటి దగ్గరుంచుతాను. దానికి అమ్మ వాసన ఉన్నన్నాళ్లూ పాఠాలేటీ చెప్పను. ఒట్టినే పక్కన కూకుంటాను. ఎవులూ నేకపోతే మా ఇంటికే తెచ్చీసుకుంటాను."

"ఇది పరీక్ష కోసం చెబుతున్నావా?"

"పరీక్ష కోసమైతే పుస్తకంలోది చెబుదును మేడమ్."

వెరోనికా కళ్లజోడు తీసి తుడిచింది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. అయినా చాలాసేపు తుడిచింది.

"పాసయ్యావు లూసీ."

తెర ఆరిపోయింది. మార్కుల పత్రం మీద సంతకం చేసి గోపాలం వైపు జరిపింది. తర్వాత చేతిసంచిలోంచి మరొక కాగితం తీసి, ఖాళీగా ఉన్న ఒకే ఒక్క చోట లూసీ పేరు నింపి, కింద సంతకం చేసింది.

"దీనికి సాక్షి సంతకం మీది కావాలి గోపాలంగారూ."

ఎక్కడని అడగబోయి, పై పంక్తులు చదివి, గోపాలం మళ్లీ మొదటి నుంచి చదివాడు. కలం తీసి సంతకం పెట్టాడు.

వెరోనికా దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

తన తదనంతరం పదిహేడేళ్ల కూతురు క్యాథరిన్‌కు లూసీని సంరక్షకురాలిగా నియమించవలసిందని ఒక తల్లి పెట్టుకున్న అర్జీ అది.