పిన్నిగారి లినక్స్

రిటైరైన నర్సు పిన్నిగారిని పాత కంప్యూటర్ పారేసి కొత్తది కొనుక్కోమన్నది మీ కంప్యూటర్ షాపువాళ్లే. కంపెనీ అప్‌డేట్లు ఆపేసినంత మాత్రాన నిక్షేపంలాంటి యంత్రం చెత్తయిపోతుందా?

నేను ఆమె ఇంటికి వెళ్లి విండోస్ తీసేసి, దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. కష్టంగా ఉందంటే ఇంకో రకం లినక్స్ వేశాను. అదీ నచ్చలేదంటే, అన్నిటికన్నా సులువైన మింట్ అనే రకం వేశాను.

"పిన్నిగారూ, దీన్ని పసిపిల్లలైనా వాడేస్తారు. మొరాయించదు. ఇక నన్ను పిలిచే పనే ఉండదు మీకు."

నాకు కాఫీ ఇవ్వడానికి తీసిన కప్పును ఆమె మళ్లీ అలమరలో పెట్టేసింది.

"అయితే ఇదీ వద్దు నాయనా. నాకెలాంటిది కావాలో చెప్తా, విను.

అక్షరాలు పెద్దగా కనబడాలి.

ఏ కంపెనీ పెత్తనమూ ఉండకూడదు.

వారానికోసారి చెడిపోవాలి.

నువ్వే వచ్చి బాగుచెయ్యాలి."