ఆటబండిలో నాయన

"నాకొద్దప్పా, జనం చూస్తాండారు" అంటూ ఫకీర్ సాహెబ్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"చూస్తే ఏమాయ పెద్దాయనా, ఇది ఉత్త ఆటబండి" అన్నాడు ఆటల అంగడి ఉదయ్ కుమార్. "ఇరవై ఐదేండ్ల నాటిది. పెద్ద ఊర్లలో ఎప్పుడో తీసేసినారు. నేను తెచ్చి బాగుచేసి పెట్టినా. ప్రొద్దుటూరు మొత్తానికి ఇదొక్కటే."

స్టీరింగు, గేరు, కాళ్ల కింద బ్రేకు, ఎదురుగా తెర మీద వంకర్లు తిరిగే ఘాటు రోడ్డు. ముప్పై ఐదేండ్లు లారీ, ఆ తర్వాత సొంత వ్యాను తోలిన మనిషికి, లోకంలో ఇట్లాంటిదొకటి ఉందని అరవై ఏడో ఏట తెలిసింది. ఎక్కాలని శానా ఉంది. కూతురి ముఖం చూసి ఆగిపోయాడు.

రిహానాకు ఒళ్లు మండింది. "కూచ్చో నాయనా. ఈడైతే గొర్రెలు లేవులే."

అనేశాక నాలుక కరుచుకుంది. ఆమె మొగుడు జమాల్ తల పక్కకు తిప్పుకున్నాడు.

నెల కిందటి మాట. పులివెందుల బత్తాయి తోటల్లో చీనీకాయలు నింపుకుని మామా అల్లుడూ జమ్మలమడుగు వస్తుంటే, వ్యాను గొర్రెలకాపరి సుబ్బన్న మంద మీదికి పోయింది. రెండు చూడిగొర్రెలు అక్కడికక్కడే చచ్చాయి. సుబ్బన్న పరుగెత్తుకొచ్చేసరికి ఫకీర్ సాహెబ్ రోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "నాదే తప్పప్పా. కండ్లు మసకేసినాయి" అన్నాడు. పెద్దమనిషి తప్పు ఒప్పుకున్నాడని సుబ్బన్న కేసు పెట్టలేదు.

గుద్దిన చోటనే వ్యాను ఆగిపోయింది. దాన్ని ఎవరూ కదిలించకముందే రిహానా ఆటోలో అక్కడికి చేరింది. పక్క తోటలో బోరు నీళ్లు తెచ్చి బంపరు మీది రక్తం కడిగింది. డ్రైవరు సీట్లో కూర్చుని లోపలంతా తుడుస్తూ ఏడ్చింది. మర్నాటికి వీధిలో ఆమె పేరు "గొర్రెల సాయిబు కూతురు" అయిపోయింది. థూ, ఏం బతుకు! తాళాలు నాయన చేతిలో నుంచి గుంజుకుని తన బ్యాగులో వేసుకుంది.

ఇప్పుడు ఆ వ్యానునే అమ్మేస్తున్నారు. వచ్చే వారం జమాల్ కువైట్ పోతున్నాడు, డ్రైవరు ఉద్యోగానికి. అతని మీద ఏ కేసూ లేదని పోలీసు కాయితం కూడా వచ్చింది. సాయంత్రం ఖాజీపేట నుంచి వ్యాను కొనేవాళ్లు వస్తున్నారు. ఈలోగా సూట్‌కేసు కొందామని ప్రొద్దుటూరు వచ్చారు. దారిపొడుగునా జమాల్ తోలాడు. ఫకీర్ సాహెబ్ తన బండిలో తానే వెనక, ఖాళీ బుట్టల మధ్య కూర్చుని వచ్చాడు.

చివరికి ఆయన ఆటబండి ఎక్కాడు. సీటు కింద చెయ్యి పెట్టి మీట ఎత్తి, స్టీరింగు పొట్టకు తగిలేదాకా ముందుకు లాక్కున్నాడు.

"ఏంది నాయనా, దాన్ని కౌగిలించుకుంటావా?" రిహానాకు నవ్వు ఆగలేదు.

"మనవి పొట్టికాళ్లు గదమ్మా. నీవీ అంతే. వ్యాన్లోనూ నా సీటు ఇంతే ఉంటాది."

పందెం మొదలైంది. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడిచెయ్యి బయటికి చాపి సైగ చేశాడు. వెనక కార్లన్నిటికీ దారిచ్చాడు.

"అయ్యో పెద్దాయనా, ఇది పందెం! దారియ్యగాకు!" అని ఉదయ్ కుమార్ నెత్తి కొట్టుకున్నాడు.

అందరికన్నా ఆఖర్న వచ్చాడు. కానీ ఏ కారుకూ, ఏ గోడకూ తగల్లేదు. చెమట తుడుచుకుంటూ దిగి, కూతురి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"వ్యాను అమ్మొద్దమ్మా. మెల్లగా తోలుకుంటా. ఊరికే ఇంట్లో కూచుంటే సచ్చిపోతా."

"ఈసారి ఎవరి గొర్రెలు సావాల?"

అంగట్లో నలుగురూ ఇటు తిరిగారు. ఫకీర్ సాహెబ్ తల వంచుకున్నాడు. కన్న తండ్రిని అంత మాట అన్నందుకు రిహానాకు సిగ్గేసింది. ఆయన వల్ల పోయిన పరువు గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

"మూడాటలకు డబ్బులిచ్చినారు గదా, ఇంకో రెండాటలు ఉండాయి. అన్నా, నువ్వు రా" అని ఉదయ్ కుమార్ జమాల్‌ను పిలిచాడు.

జమాల్ వద్దు వద్దంటూనే కూర్చున్నాడు. మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకుంటే, మీట ఎత్తి సీటును ఆ చివరికి తోశాడు. జేబులో ఫోను మోగింది. ఒక చేత్తో దాన్ని తీసి చూశాడు. తెర మీద కారు గోడకు గుద్దుకుని పల్టీ కొట్టింది.

"నాకు రాదులే" అని గబగబా లేచాడు. "ఖాజీపేట వాళ్లు బయల్దేరినారంట. రిహానా, తాళాలియ్యి."

"ఉండు, మిగిలిన ఆట నేనాడతా" అని రిహానా బ్యాగు ఒళ్లో పెట్టుకుని సీట్లో కూలబడింది. కాలు చాపింది. బ్రేకు అందలేదు.

"సీటు ముందుకు లాక్కో అక్కా" అన్నాడు ఉదయ్ కుమార్. "పొడుగు మనిషి కూచ్చోని లేసిపోతే అట్లే ఉంటాది."

మీట మీద రిహానా చెయ్యి ఆగిపోయింది.

"లెయ్యమ్మా, పొద్దుపోతాంది, పోదాం పా" అన్నాడు ఫకీర్ సాహెబ్ తొందర తొందరగా.

తాళాల కోసం జమాల్ చెయ్యి చాపే ఉన్నాడు. రిహానా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

వ్యాను కడిగిన రోజు కూడా ఆమె కాలు బ్రేకుకు అందలేదు.