టాఫీకి ఆఖరి పరీక్ష

"నీ రాణీగారు ఇవాళైనా మాట వింటారా, లేక మళ్ళీ ఫ్రిజ్ మీదే కాపురం పెడతారా?" అన్నాడు ఆల్డెన్.

చక్రాల కుర్చీలో ఉన్న డొరిండాకి ఒళ్ళు మండింది. టాఫీకి ఇవేమీ పట్టలేదు. డొరిండా భుజం మీద కూర్చుని, ఆమె ముక్కు మీదికి జారిన కళ్ళజోడును పైకి తోస్తోంది. పిల్లిపాటి కోతి. ఆ కుర్చీలో ఆమెకు గ్లాసు అందించేదీ, పుస్తకంలో పేజీ తిప్పేదీ రెండేళ్ళుగా అదే.

"నవ్వులాట కాదు డొరిండా. ఒక మనిషి ప్రాణం దీని చేతుల్లో పెడుతున్నాం. ఆపదొస్తే గంట నొక్కకుండా దాక్కునే కోతి ఎందుకు? ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఇవాళ కూడా తప్పితే జంతుశాలకి పంపించేస్తారు."

"బోనులో పెడితే బెంగతో చచ్చిపోతుంది, ఆల్డెన్!"

"అయితే పాసవ్వమను."

కదలలేని మనుషులకి సాయం చేసే కోతులను తయారుచేసే సంస్థలో, వాటిని పరీక్షించడం అతని ఉద్యోగం. ఆ సంస్థ వంటగదిలోంచి బయటికెళ్ళి, అద్దం అవతల నిలబడ్డాడు. వీధిలో మంచు తోసే బండి గరగరలాడుతోంది.

డొరిండా కుర్చీకి తగిలించి ఉన్న లేజర్ లైటు పుల్లను పళ్ళ మధ్య పట్టుకుంది. ఎర్రచుక్క మైక్రోవేవ్ మీద పడింది. టాఫీ గెంతి తలుపు తెరిచింది. సూపు కప్పు తీసింది. ఎవరు అంతసేపు వేడి చేశారో, సలసల కాగుతోంది. కుర్చీ దాకా తెచ్చాక చేతికి చురుక్కుమంది. కీచుమంటూ వదిలేసింది.

సూపంతా డొరిండా తొడ మీద పడింది.

టాఫీ ఒక్క గంతులో ఫ్రిజ్ ఎక్కి మొహం కప్పేసుకుంది.

చేతులు కదలని మనిషికి నొప్పి కూడా తెలియదనుకుంటారు కొందరు. ఎందుకు తెలియదు? డొరిండాకి ప్రాణం పోతున్నట్టే ఉంది. కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. ఆల్డెన్ తలుపు దాకా వచ్చాడు. రావద్దని కళ్ళతోనే కసిరింది.

ఎర్రచుక్కను గోడకున్న గంట మీదికి తిప్పింది. వణుకుతున్న పళ్ళ మధ్య పుల్ల నిలవడం లేదు. చుక్క గోడంతా చిందులేస్తోంది. టాఫీ వేళ్ళ సందుల్లోంచి దాన్నే చూస్తోంది.

పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టింది. చుక్క గంట మీద నిలిచింది.

టాఫీ దిగింది. ఒకసారి చుక్క వైపు, ఒకసారి డొరిండా వైపు చూసింది. పరుగెత్తి గంట నొక్కింది. మళ్ళీ నొక్కింది. తర్వాత కుర్చీ ఎక్కి, ఆమె చెంపల మీది తడి తుడవసాగింది.

"శభాష్, నా బంగారు తల్లీ," అంది డొరిండా.

ఆల్డెన్ దూసుకొచ్చాడు. "పిచ్చెక్కిందా నీకు? ఇంతలా కాలిపోతుంటే..."

"పాసయిందా లేదా?"

"పాసయింది. నీకో దండం!"

ఆ మాటకి, ఇక టాఫీ తన దగ్గర ఉండదన్న తలపుకి సంతోషం, దుఃఖం ఒక్కసారే ముంచుకొచ్చాయి డొరిండాకి.

"ముందు దాన్ని తీసుకెళ్ళు. త్వరగా!"

ఆల్డెన్ టాఫీని ఎత్తుకుని వెళ్ళాడు. తలుపు మూసుకుంది. కిచకిచలు వరండా చివర వినబడకుండా పోయాయి.

టాఫీకి తర్ఫీదు ఇవ్వడానికి రెండేళ్ళుగా దాని కళ్ళ ముందు చిటికెన వేలైనా కదపని కోతుల పంతులమ్మ డొరిండా, కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి, తొడ పట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తింది.