మూడు ముద్దలు

కన్యాకుమారికి బయలుదేరిన చంద్రికకు పొద్దున పిల్లి వాంతులతోనే సరిపోయింది. ఇప్పుడు క్యాసంబళ్ళి అనే ఊరు దాటగానే క్యాంపర్ వ్యాను టైరు పేలింది. మెకానిక్‌కు ఫోన్ చేసింది.

రోడ్డు పక్క ఇంట్లోంచి సొన్నమ్మ అనే ముసలావిడ వచ్చింది. "బండిలో ఎంతమంది ఉండారమ్మా?"

"ముగ్గురం అవ్వా," అంది చంద్రిక అలవాటుగా.

"మేం నలుగురం ఉండాము. ఇంగ మూడు ముద్దలు ఎక్కువ చేస్తే ఏమైపోతాది? మెకానిక్ వచ్చేలోగా తినండి."

వేడి రాగిముద్దలు మూడు పళ్ళేల్లో తెచ్చింది. చంద్రిక తలుపు తీసింది. కుక్క దూకింది. దాని వెనక పిల్లి. ఇంకెవరూ దిగలేదు.

"వీళ్ళే అవ్వా," అంది చంద్రిక తల వంచుకుని.

సొన్నమ్మ నవ్వలేదు. రెండు ముద్దలు చిదిమి పాలు పోసింది.

"రామ్మా, మావోళ్ళనీ చూద్దువు."

ఇంటివైపు పోలేదు. కొట్టం తలుపు తీసింది. మూడు ఆవులు తలలెత్తాయి.